బ్రిటిష్ పద్ధతిలో సంభాషణ మధ్యలో తెగితే కామా లోపలా, బయటా?

స్కూల్ వార్షికోత్సవ సంచికలో ఇంగ్లిష్ కథల ప్రూఫ్ చూస్తున్నాను. గుంటూరు అరండల్‌పేటలో డీటీపీ అవుతోంది, శుక్రవారం ప్రింటుకి వెళ్లాలి. అంతా బ్రిటిష్ పద్ధతిలోనే ఉండాలని ముందే అనుకున్నాం.

అమెరికన్ పద్ధతిలో కామా, ఫుల్‌స్టాప్ కొటేషన్ లోపలే ఉంటాయి. కోలన్, సెమీకోలన్ బయట. బ్రిటిష్‌లో ఆ గుర్తు కోట్ చేసిన మాటలదైతే లోపల, మన వాక్యానిదైతే బయట. కథ పేరో, ఒక్క పదమో కోట్ చేసినచోట ఇబ్బంది లేదు, బయట పెట్టేశాం. ప్రశ్నార్థకం రెండింటిలోనూ అర్థాన్ని బట్టే, దాని గొడవా లేదు.

చిక్కంతా సంభాషణ మధ్యలో తెగినచోటే.

‘ది రివర్’, హి సెడ్, ‘ఈజ్ రైజింగ్.’
‘యెస్,’ హి సెడ్, ‘ఐ నో.’

మొదటిదాన్ని తెగకుండా రాస్తే రివర్ తర్వాత కామా ఉండదు కాబట్టి బయట పెట్టాను. రెండోదాంట్లో యెస్ తర్వాత కామా ఎలాగూ ఉండాల్సిందే, అందుకని లోపల. ఇప్పుడు పక్కపక్క లైన్లలో ఒకటి అటు, ఒకటి ఇటు. చూసిన ప్రతివాళ్లూ అచ్చుతప్పే అంటున్నారు! డీటీపీ ఆయనైతే ‘ఏదో ఒకటి తేల్చండి సార్’ అని విసుక్కుంటున్నాడు.

వర్డ్‌లో గ్రామర్ సెట్టింగ్స్ లోపలికి, బయటికి మార్చి చూశాను. అది అన్నింటినీ ఒకే గాటన కడుతోంది. లండన్‌లో అచ్చయిన నవలలు తిరగేస్తే ఎక్కువగా రెండుచోట్లా లోపలే ఉంది.

బ్రిటిష్ పద్ధతి పాటించే కథల్లో ఇలా తెగిన సంభాషణకు కామా అన్నిచోట్లా లోపలే పెట్టేయొచ్చా, వాక్యాన్ని బట్టి మార్చాల్సిందేనా?