సెలవులో నిద్ర పడుతోంది, ఆఫీసుకెళ్తే పోతోంది. టీమ్ లీడ్‌లు కాస్త చెప్పండి

9 మంది టీమ్‌కి లీడ్‌ని. ఐదు నెలలుగా రాత్రి 2:30కి ఠక్కున మెలకువ, మళ్లీ కన్ను మూతపడేసరికి నాలుగు దాటుతోంది. డాక్టరు థైరాయిడ్‌తో సహా రక్తపరీక్షలు చేయించారు, అన్నీ మామూలే. రాత్రి 8 తర్వాత నోటిఫికేషన్లు ఆపేశాను, మధ్యాహ్నం నుంచి కాఫీ మానేశాను. వారం సెలవు పెడితే హాయిగా నిద్రపోయాను. తిరిగొచ్చిన మూడో రోజుకే మళ్లీ మొదలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ జాబితా ఐసీడీ-11లో, పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోయే బర్నౌట్‌ను జబ్బుగా కాక, పనికి సంబంధించిన పరిస్థితిగా చెప్పింది. అంటే మార్చాల్సింది పనే అనుకుంటున్నా. కానీ టీమ్‌లో ఇద్దరు ఇప్పటికే నలిగిపోయి ఉన్నారు, నా బరువు వాళ్ల మీదకి తోయలేను. ('ఆరింటికి లాప్‌టాప్ మూసేయండి' అని వాళ్లకి చెప్పేది మాత్రం నేనే!)

ఇది దాటిన లీడ్‌లు ఎవరైనా ఉంటే, పై మేనేజర్‌తో మాట్లాడి మీరు మొదట వదిలించుకున్న పని ఏది?