అప్‌డేట్: ఆరు నెలలు ఆగకుండానే విడాకులు మంజూరయ్యాయి

ఇద్దరికీ ఇష్టమే, రెండేళ్లుగా విడిగానే ఉంటున్నాం, అయినా కోర్టు ఆరు నెలలు ఆగమంటుందా అని అడిగాను కదా. ఆగాల్సిన పని పడలేదు.

హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద ఇద్దరం కలిసి పిటిషన్ వేశాం. దానికి ఏడాది విడిగా ఉంటే చాలు. మొదటి మోషన్ (ఇద్దరం కోర్టులో అంగీకారం చెప్పే మొదటి విడత) తర్వాత రెండోదానికి ఆరు నెలలు ఆగాలన్న గడువు ఉంటుంది. అది తప్పనిసరి కాదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. కలిసే అవకాశం లేదని, భరణం, పిల్లల విషయం తేలిపోయాయని జడ్జికి నమ్మకం కలగాలి. మాకు పిల్లలు లేరు. మినహాయింపు కోరుతూ మా లాయర్ విడిగా ఓ అప్లికేషన్ వేశారు.

పిటిషన్‌కి పెళ్లి ఫొటో, శుభలేఖ జత చేయమన్నారు. అమ్మ బీరువాలోంచి తీసి ఇచ్చింది. అంచులకు రాసిన పసుపు ఇంకా పోలేదు. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నా.

నా అసలు టెన్షన్ వేరే. డిక్రీ, అంటే విడాకుల తుది ఉత్తర్వు, వచ్చేలోపు ఇద్దరిలో ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. అందుకే బంగారం ఎన్ని తులాలు, ఎప్పుడు వెనక్కి ఇస్తారు అన్నది ఒప్పందంలోనే రాయించాం. నోటిమాట మీద వదిలేయకండి.

జడ్జిగారు అడిగింది ఒక్కటే: "ఎవరైనా బలవంతపెట్టారా అమ్మా?" లేదన్నాను. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. డిక్రీ సర్టిఫైడ్ కాపీకి అప్లై చేశాం, ఇంకా రాలేదు.