తుఫానుకి కరెంటు పోతే మీ ఇంట్లో ఎలా నెట్టుకొస్తున్నారు?

రాజోలు తోట: 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం వైపు తీరం దాటినప్పుడు మాకు సాయంత్రమే కరెంటు పోయిందండి. ఇన్వర్టర్ తెల్లారేదాకా కూడా రాలేదు. అమ్మకి ఇన్సులిన్ ఉంది, ఫ్రిజ్ ఆగిపోయింది, ఒకటే టెన్షన్. మళ్లీ తుఫాను వస్తే ఏం చేయాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

అమలాపురం పెద్దాయన: 1996 నవంబరు 6 తుఫాను చూసినవాణ్ణి బాబూ. తెల్లారేసరికి కొబ్బరిచెట్లు వరసగా పడుకుని ఉన్నాయి, స్తంభాలు వాటి కింద. కరెంటు కోసం రోజుల తరబడి చూశాం. అప్పుడు చేతిపంపు ఉండేది. ఇప్పుడు అందరికీ మోటార్లే, కరెంటు పోతే నీళ్లూ పోతాయి. అందుకని హెచ్చరిక వినగానే ట్యాంకు, బిందెలు, గంగాళాలు నింపేయండి. గాలి ముదరకముందే మెయిన్ స్విచ్ దించేయండి.

పాలకొల్లు కోడలు: వానలో కంటే మర్నాడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలండి. మా దొడ్లో మట్ట పడి ఉంటే పక్కకి లాగుదామని వంగాను. కింద నీళ్లలోంచి చిన్న చిటపట వినిపించింది. మట్ట కింద తెగిన తీగ! అత్తయ్యగారు వెనక నుంచి కేక వేయకపోతే ఏమయ్యేదో. వీధిలో దీపం వెలగడం లేదు కదా, తీగలోనూ కరెంటు ఉండదని అనుకున్నాను. లైను ఎప్పుడు ఇస్తారో మనకి తెలియదు. తీగ పడిన చోట తడినేలలోకి కూడా కరెంటు పాకుతుంది. దగ్గరికి పోకుండా, పిల్లల్ని, గేదెల్ని పోనివ్వకుండా కరెంటోళ్ల నంబరు 1912కి ఫోన్ చేయండి.

భీమవరం చెరువు: నాది రొయ్యల చెరువు. నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలిపోతాయి, అందుకని జనరేటర్ తప్పదు. కానీ కొందరు జనరేటర్ వైరుని నేరుగా ఇంట్లో ప్లగ్గులో పెట్టేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ కరెంటు మీటరు దాటి వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కుతుంది. అక్కడ 230 వోల్టులు కాస్తా 11 వేల వోల్టులవుతుంది. లైను ఆపేశారు కదా అని నమ్మి స్తంభం ఎక్కిన లైన్‌మ్యాన్ ప్రాణం పోతుంది. వాన తగ్గీ తగ్గకముందే మన కోసం బురదలో దిగేది ఆ మనిషే కదండీ! చేంజోవర్ స్విచ్ పెట్టించుకోండి, అది ఇంటికి లైనునో జనరేటర్‌నో ఒక్కదాన్నే కలుపుతుంది, రెండూ కలవనివ్వదు. ఇంకో మాట, వాన పడుతోందని జనరేటర్‌ని వరండాలోకో మోటారు షెడ్డులోకో తేకండి. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

పాలకొల్లు కోడలు: తోటగారూ, ఇన్సులిన్ సంగతి. మా మావయ్యగారికి పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ పెట్టి, సీసాని అందులో ఉంచి తడిగుడ్డ కప్పేదాన్ని. ఐసుకి మాత్రం తగలనివ్వకండి, గడ్డకడితే ఇక పనికిరాదు. వాడుతున్న సీసా బయట ఎన్నాళ్లు ఆగుతుందో డబ్బాలోని కాగితం మీద ఉంటుంది, ఇప్పుడే చూసి పెట్టుకోండి.

రాజోలు తోట: చాలా థాంక్స్ అండి. కాగితం చూశాను, నాలుగు వారాలని ఉంది. మా పక్కింటివాళ్ల జనరేటర్ ప్లగ్గుకే పెడుతున్నారు. సాయంత్రం వెళ్లి ఆయనతో మాట్లాడతాను.