డార్క్ సైడ్‌లో పాటల మధ్య గ్యాప్, కైండ్ ఆఫ్ బ్లూ అంతా ఒకే పాటలా ఉంది. ఎక్కడ తప్పు?

గోదారి_లూప్:
అందరికీ నమస్తే. రాక్ బాగానే తలకెక్కింది, జాజ్ దగ్గరే బండి ఆగింది. మూడు డౌట్లు.

ఒకటి, పింక్ ఫ్లాయిడ్ డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్ ఫోన్‌లో ఎంపీ3గా ఉంది. ఒక పాట అయి ఇంకోటి మొదలయ్యే చోట రెప్పపాటు సౌండ్ తెగుతోంది. స్పాటిఫైలో తెగదు గానీ ఒకదాని మీదకి ఇంకోటి ఎక్కేస్తోంది.

రెండు, మైల్స్ డేవిస్ కైండ్ ఆఫ్ బ్లూ. హాయిగానే ఉంది, కానీ మొత్తం ఒకటే పాటలా సాగిపోతోంది. దేనికోసం చెవి పెట్టాలి? కర్ణాటక సంగీతం కాస్త తెలుసు, పేరున్న రాగమైతే పట్టుకోగలను, అంతవరకే.

మూడు, టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) కొంటే ఇవన్నీ తీరతాయా?

బిట్_బుచ్చి:
మొదటిదానికి చెప్తాను. తప్పు మీ ఫైళ్లది. ఎంపీ3 శబ్దాన్ని 1152 శాంపిళ్ల (శబ్దపు చిన్న కొలతల) మూటలుగా కడుతుంది. పాట సరిగ్గా మూట నిండే చోట ముగియదు కదా, మిగిలిన జాగాని నిశ్శబ్దంతో నింపేస్తుంది. మొదట్లో కూడా ఎన్‌కోడర్ (ఎంపీ3 తయారుచేసే ప్రోగ్రామ్) కొంత ఖాళీ వదులుతుంది. సీడీ లెక్కన ఒక్క మూటంటే దాదాపు 26 మిల్లీసెకన్లు. విడి పాటలో ఎవరికీ తెలియదు. ఒక పాట ఇంకో పాటలోకి పారే ఈ ఆల్బమ్‌లో మాత్రం టక్కున దొరికిపోతుంది.

లేమ్ అనే ఎన్‌కోడర్‌తో చేసిన ఎంపీ3 అయితే ఎంత ఖాళీ కలిపిందో ఫైల్ మొదట్లోనే రాసి ఉంటుంది. ఫూబార్2000 లాంటి ప్లేయర్ అది చదివి ఆ ముక్క కోసేసి వాయిస్తుంది. ఆ రాత లేని ఫైలైతే ఇక ప్లేయర్లు మార్చి లాభం లేదు, సీడీ నుంచి ఫ్లాక్‌లోకి (నాణ్యత పోని ఫైల్ రకం) మళ్లీ దించుకోండి. దించేటప్పుడు ఫైల్ పేర్లకి ముందు 01, 02 అని పెట్టండి. ఉత్త 1, 2 పెడితే కొన్ని ప్లేయర్లు 1 తర్వాత 10 వాయిస్తాయి.

స్పాటిఫైలో పాటలు ఎక్కేయడం క్రాస్‌ఫేడ్ (ఒక పాట తగ్గుతుండగానే ఇంకోటి మొదలుపెట్టే సెట్టింగ్) పని. దాన్ని సున్నాకి దించి, ఆటోమిక్స్, షఫుల్ ఆపి, గ్యాప్‌లెస్ ఆన్ చేయండి.

ఇంకోటి, ఫైళ్లకి రీప్లే గెయిన్ (పాటల శబ్ద స్థాయిని సమం చేసే ఏర్పాటు) వాడుతుంటే ట్రాక్ గెయిన్ కాదు, ఆల్బమ్ గెయిన్ పెట్టండి. ట్రాక్ గెయిన్ పెడితే మొదట్లో దూరంగా మొదలవ్వాల్సిన గుండె చప్పుడుని కూడా మిగతా పాటల స్థాయికి లాగేస్తుంది. మెల్లగా పెరుగుతూ వచ్చే మజా అంతా పోతుంది.

ఒక్కచోట గ్యాప్ ఉన్నా దోషం లేదు: ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై తర్వాత. 1973 ఎల్పీ రికార్డులో మొదటి వైపు అక్కడితో సరి, తిప్పితే మనీ. ఆ మనీకి మిశ్ర చాపు వేసి చూడండి, ఏడు దెబ్బలు చక్కగా కూర్చుంటాయి. శాక్సోఫోన్ అయ్యి గిటార్ సోలో అందుకోగానే నాలుగుకి మారుతుంది, మీ చెయ్యి తప్పేది అక్కడే.

ఖరహరప్రియ22:
రెండోది నా పేటే. ఒకే పాటలా అనిపించడానికి కారణముంది. కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) గబగబా మార్చడం మానేసి, ఒక్కో స్వరవరుస మీద చాలాసేపు నిలబడటమే ఈ ఆల్బమ్ పద్ధతి. రాగం తెలిసిన చెవికి ఇది మిగతా జాజ్ కన్నా సులువు కావాలి.

మొదటి పాట సో వాట్ తీసుకోండి. డి డోరియన్, అంటే డి షడ్జమంగా ఖరహరప్రియ స్వరాలే. గమకాలు ఆశించకండి. బారుకి నాలుగు దెబ్బలు, 32 బార్లు ఒక చుట్టు. మొదటి 16 డి మీద. 17వ బారులో షడ్జమమే అర మెట్టు పైకి, ఈ ఫ్లాట్‌కి, జరుగుతుంది. అక్కడా అదే ఖరహరప్రియ, 8 బార్లు. 25లో మళ్లీ డి. మన కచేరీలో తంబూరా కదలదు, ఇక్కడ తంబూరాయే లేచి పక్క కుర్చీలో కూర్చుంటుంది. అది జరిగే క్షణం పట్టుకుంటే చాలు, ఎవరు వాయిస్తున్నా మీరెక్కడ ఉన్నారో తెలిసిపోతుంది.

మొదట పియానో, బాస్ నెమ్మదిగా. తర్వాత పల్లవి బాస్ పాడుతుంది, మిగతావాళ్లు రెండేసి దెబ్బలతో బదులిస్తారు. దాదాపు ఒకటిన్నర నిమిషం దగ్గర సింబల్ ఒకటి పెద్దగా మోగుతుంది, అక్కడ మైల్స్ ట్రంపెట్‌తో అందుకుంటాడు. రెండు చుట్లు. తర్వాత జాన్ కోల్ట్రేన్ టెనర్ శాక్సోఫోన్ రెండు, కానన్‌బాల్ ఆడర్లీ ఆల్టో శాక్సోఫోన్ రెండు, బిల్ ఎవాన్స్ పియానో ఒకటి. స్టీరియోలో కోల్ట్రేన్ ఎడమ చెవి, కానన్‌బాల్ కుడి చెవి. తారుమారైతే ఇయర్‌ఫోన్లు తిప్పి పెట్టుకున్నట్టే! మొదటి వారం ఒక్క చుట్టు లెక్కపెట్టడం, కోల్ట్రేన్‌కీ కానన్‌బాల్‌కీ తేడా పట్టడం, ఇంతే చేయండి.

మిగతావి క్లుప్తంగా. ఫ్రెడ్డీ ఫ్రీలోడర్ 12 బార్ల బ్లూస్, పియానో వింటన్ కెల్లీ, ఈ ఒక్క పాటకే. బ్లూ ఇన్ గ్రీన్ పది బార్ల చుట్టు, కానన్‌బాల్ లేడు. ఆల్ బ్లూస్ జి షడ్జమంగా హరికాంభోజి పక్కింట్లో తిరుగుతుంది. ఫ్లమెంకో స్కెచెస్‌లో ఐదు స్వరవరుసలు, ఒక్కోదాని మీద ఎంతసేపు ఉండాలో వాయించేవాడి ఇష్టం. నాలుగోదానిలో శుద్ధ రిషభం చురుక్కుమంటుంది.

ఇది ఒంటబట్టాక ఇన్ ఎ సైలెంట్ వే, 1969. ఎల్పీ వైపుకి ఒకటే పొడుగు ట్రాక్. రెండో వైపు చివరి నాలుగు నిమిషాలు కొత్తగా వాయించినవి కావు. మొదటి నాలుగు నిమిషాల టేపునే నిర్మాత టియో మాసెరో చివర అతికించాడు. మధ్యలో డ్రమ్స్ పొంగిన తర్వాత అదే ముక్క మళ్లీ వస్తే వేరే పాటలా వినిపిస్తుంది. అందులో గిటార్ జాన్ మెక్‌లాఫ్లిన్. ఆయన శక్తి బృందంతో 1975లో చేసిన కచేరీ 1976లో ఆల్బమ్‌గా వచ్చింది, దాంట్లో విక్కు వినాయకరామ్ ఘటం ఉంది. అక్కడి నుంచి రిమెంబర్ శక్తి వారి ద బిలీవర్ వినండి. అందులో మాండొలిన్ మన పాలకొల్లు శ్రీనివాస్‌ది. జాజ్‌లోకి తెలుగువాడికి ఇంతకన్నా దగ్గరి దారి లేదని నా గట్టి అభిప్రాయం.

సూదిమొన:
టర్న్‌టేబుల్ కొంటే తీరవు, కొత్తవి మొదలవుతాయి. సరదాకైతే కొనుక్కోండి. సూట్‌కేసు మోడళ్ల జోలికి మాత్రం పోవద్దు. వాటిలో చాలావాటికి సిరామిక్ కార్ట్రిడ్జ్ (సూదిని పట్టుకునే భాగం) ఉంటుంది, సూది బరువు మార్చే ఏర్పాటు ఉండదు, గాడిని అరగదీస్తాయి.

వెనక బరువు తిప్పుకునే వీలున్నది చూడండి. ముందు యాంటీ స్కేట్ (సూది లోపలికి లాగకుండా ఆపే సర్దుబాటు) సున్నా పెట్టి, బరువు తిప్పుతూ సూది ఉన్న చెయ్యి గాల్లో సమంగా తేలేలా చేయాలి. అక్కడ బరువుని కదపకుండా అంకెల చక్రం ఒక్కటే సున్నాకి తిప్పి, తర్వాత రెండిటినీ కలిపి కావలసిన గ్రాములకి. ఆడియో టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్ అయితే 2.0. యాంటీ స్కేట్ కూడా అంతే. తక్కువ బరువైతే రికార్డుకి మంచిదనుకుని 1.5 పెడతారు, అదే పొరపాటు. సూది గాడిలో ఎగిరెగిరి పడి గోడల్ని ఇంకా కొడుతుంది.

సౌండ్ సన్నగా, బాస్ లేకుండా వస్తే ఫోనో ప్రీయాంప్ లేకుండా ఆంప్లిఫయర్ ఆక్స్ సాకెట్‌లో పెట్టారన్నమాట. రికార్డు కోసేటప్పుడే బాస్ తగ్గించి, పైస్వరాలు పెంచి కోస్తారు. దాన్ని సరిచేసేది ఆ ప్రీయాంపే. వైపు చివరి పాట గరగరలాడితే భయపడకండి. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి సూది కింద గాడి వేగం అంచు దగ్గరున్న దానిలో సగం కూడా ఉండదు.

కడగడానికి డిస్టిల్డ్ వాటర్, కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఇంట్లో తాతగారి 78 ఆర్‌పీఎం రికార్డులుంటే వాటికి ఆల్కహాల్ చుక్క కూడా తగలనివ్వద్దు. అవి లక్కతో చేసినవి, కరిగిపోతాయి.

గోదారి_లూప్:
క్రాస్‌ఫేడ్ తీసేశాక డార్క్ సైడ్ సెట్ అయింది, థాంక్యూ బుచ్చి గారూ. 17వ బారు దొరికింది! కానీ తంబూరా యాప్ డి మీద పెట్టి నా దగ్గరున్న పాత సీడీ కాపీలో సో వాట్ వింటే శ్రుతి కలవట్లేదు, పాట కాస్త పైన ఉంది. యాప్ 440 హెర్ట్జ్ మామూలు శ్రుతిలోనే ఉంది.

ఖరహరప్రియ22:
మీ చెవి మంచిదే. అది రికార్డింగ్ మెషీన్ నిర్వాకం. 1959 మార్చి 2న మొదటి మూడు పాటలు రికార్డు చేసిన మాస్టర్ (అసలు టేపు చేసే) మెషీన్ నెమ్మదిగా తిరిగింది. ఆ టేపుని సరైన వేగంలో నడిపితే పాట పరిగెత్తి, శ్రుతి పైకి పోతుంది. పక్కనే నడిచిన రెండో మెషీన్ టేపు సరిగ్గా ఉంది. దాన్నుంచి సరిచేసిన బంగారు సీడీ 1992లో, మామూలు సీడీ 1997లో వచ్చాయి.

ఖాయం చేసుకోవాలంటే అదే కాపీలో ఆల్ బ్లూస్ పెట్టి యాప్‌ని జికి మార్చండి. అది ఏప్రిల్ 22 నాటి రికార్డింగ్, దానికి ఈ జబ్బు లేదు. అది కలిసి, సో వాట్ కలవకపోతే మీది పాత మాస్టరే. 1997 తర్వాతిది తెచ్చుకోండి.