డేటాబేస్ సర్వర్‌లో మెమరీ ఓవర్‌కమిట్‌ను కట్టడి చేయాలా, వద్దా?

కెర్నల్ పాఠకుడు:
లినక్స్‌లో ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) మెమరీ అడిగిన వెంటనే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) ర్యామ్ కేటాయించదు. ఆ మెమరీ పేజీలలో ఏదైనా రాసినప్పుడే అసలు కేటాయింపు జరుగుతుంది. ఇలా ఉన్నదానికన్నా ఎక్కువ మెమరీకి ఒప్పుకోవడమే ఓవర్‌కమిట్. అందరూ ఒకేసారి వాడుకోబోయి ర్యామ్ చాలకపోతే ఓఓఎమ్ (అవుట్ ఆఫ్ మెమరీ) కిల్లర్ అనే కెర్నల్ భాగం ఏదో ఒక ప్రాసెస్‌ను చంపుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్‌లో ఓవర్‌కమిట్ సెట్టింగ్ (vm.overcommit_memory) విలువను డిఫాల్ట్ అయిన 0 (కెర్నల్ అంచనా మీద ఒప్పుకోవడం) నుంచి 2కు (కచ్చితమైన పరిమితి) మార్చాలని మా బృందంలో కొందరూ, వద్దని కొందరూ వాదిస్తున్నారు. మీ అభిప్రాయాన్ని కారణాలతో సహా తెలపగలరు.

డేటాబేస్ కాపరి:
తప్పక మార్చాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్ ఉంటుంది, అవన్నీ ఒకే షేర్డ్ మెమరీ మీద పనిచేస్తాయి. వాటిలో ఒక్కటి సిగ్‌కిల్‌తో (ఓఓఎమ్ కిల్లర్ పంపే, బలవంతంగా ఆపే సంకేతంతో) చనిపోయినా, షేర్డ్ మెమరీ పాడై ఉండవచ్చన్న అనుమానంతో మూల ప్రాసెస్ మిగిలిన కనెక్షన్లన్నింటినీ తెంచి క్రాష్ రికవరీ (డేటాను తిరిగి సరైన స్థితికి తెచ్చే పని) మొదలుపెడుతుంది. ఎవరో నడిపిన ఒక బరువైన రిపోర్టు క్వెరీ వల్ల, దానితో ఏ సంబంధమూ లేని చెల్లింపులు సగంలో ఆగిపోవడాన్ని నేను అంగీకరించలేను. విలువ 2 అయినప్పుడు పరిమితి దాటిన అభ్యర్థనను కెర్నల్ అడిగినప్పుడే నిరాకరిస్తుంది. సాధారణంగా ఆ ఒక్క క్వెరీ లోపంతో ముగుస్తుంది, సర్వర్ నిలబడుతుంది. పోస్ట్‌గ్రెస్ అధికారిక పత్రాలు కూడా ఇదే సూచిస్తున్నాయి.

క్లౌడ్ నిర్వాహకుడు:
కాపరి గారూ, మూడు అభ్యంతరాలున్నాయి. ఓవర్‌కమిట్ నిష్పత్తి (పరిమితిలో లెక్కించే ర్యామ్ వాటా) డిఫాల్ట్‌గా 50 శాతం కాబట్టి, స్వాప్ (ర్యామ్‌కు తోడుగా వాడే డిస్క్ భాగం) లేని 64 జీబీ యంత్రంలో పరిమితి 32 జీబీయే అవుతుంది. అదే యంత్రంలో రెడిస్ (డేటాను మెమరీలోనే ఉంచే డేటాబేస్) ఉంటే, డిస్క్‌కు భద్రపరచడానికి అది ఫోర్క్ చేసినప్పుడు (తన నకలు ప్రాసెస్‌ను సృష్టించినప్పుడు) తన మెమరీ మొత్తం మరోసారి లెక్కలోకి వస్తుంది. నిజానికి వాడేది కొద్దిగానే అయినా ఫోర్క్ విఫలం కావచ్చు. పైగా నిరాకరణ తగిలేది మెమరీ మింగిన క్వెరీకే అన్న హామీ లేదు, ఆ క్షణంలో కొంచెమే అడిగిన మరో క్వెరీకి తగలవచ్చు.

డేటాబేస్ కాపరి:
మూడవది నిజమే, కానీ అప్పుడు కూడా పోయేది ఒక క్వెరీ, పోనిది సర్వర్. మొదటిదానికి నిష్పత్తిని 80 వరకు పెంచుకోవచ్చు. మిగిలిన ర్యామ్ కూడా వృథా కాదు, పోస్ట్‌గ్రెస్ ఎంతగానో ఆధారపడే ఫైల్ క్యాష్‌కు అది ఉపయోగపడుతుంది. ఇక రెడిస్ పత్రాలు ఇదే విలువను 1గా (ఎప్పుడూ ఒప్పుకునేలా) పెట్టమంటాయి కనుక, ఆ రెండింటినీ ఒకే యంత్రంలో ఉంచడమే సరికాదు.

కెర్నల్ పాఠకుడు:
మా పోస్ట్‌గ్రెస్ కంటైనర్‌లో (ప్రోగ్రామ్‌ను వేరుచేసి నడిపే పరిమిత వాతావరణంలో) నడిస్తే?

క్లౌడ్ నిర్వాహకుడు:
అప్పుడు ఈ మార్పు ఒక్కటే చాలదు. సీగ్రూప్ (కంటైనర్ వనరులకు హద్దు పెట్టే కెర్నల్ ఏర్పాటు) మెమరీ పరిమితి దాటితే, ఓవర్‌కమిట్ విలువ ఏదైనా సరే, ఆ గ్రూప్ లోపలే ఓఓఎమ్ కిల్లర్ పనిచేస్తుంది. వర్క్‌మెమ్ (work_mem) అనే పోస్ట్‌గ్రెస్ సెట్టింగ్ కనెక్షన్‌కు కాక ఒక్కో సార్టింగ్‌కు, హాషింగ్‌కు వర్తించే పరిమితి అని గుర్తుంచుకుని, దానినీ కనెక్షన్ల సంఖ్యనూ కంటైనర్ పరిమితికి తగ్గట్టు ముందుగా తగ్గించండి.