“అనగననగ రాగ మతిశయిల్లుచునుండు”: పాడేవాళ్లకా, వినేవాళ్లకా?

ప్రశ్న (కడప, పీజీ విద్యార్థిని):

అందరికీ నమస్కారం. మా యూనివర్సిటీలో వారం పాటు ఉపన్యాసాలు, సినిమాలు, సంగీత కచేరీలు పెడుతున్నాం. ఊళ్లోవాళ్లు ఎవరైనా రావొచ్చు, టికెట్ లేదు. ఆహ్వానపత్రం మీద వేమన పద్యం వేద్దామనుకున్నాం. డ్రాఫ్టు ఇట్లా ఉంది:

అనగనగా రాగ మతిశయిల్లుచుండు
తినగ తినగ వేము తియ్యగనుండు
సాధనమున పనులు సమకూరు ధరలోన
విశ్వదాభిరామ వినుర వేమ

ఇందులో తప్పులున్నాయా? రాగం అంటే ఇక్కడ ప్రేమ అని ఒక ఫ్రెండు వాదిస్తోంది. ఇది సాధన చేసేవాళ్లకు చెప్పిన పద్యం కదా, వచ్చి కూర్చుని వినేవాళ్లను పిలిచే కార్డు మీద ఎందుకని ఇంకొందరు అంటున్నారు. రేపు ప్రింటుకు ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు:

అమ్మా, పద్యం మంచిది ఎంచుకున్నారు. మార్చొద్దు. ముందు అచ్చుతప్పులు చూద్దాం.

ఇది ఆటవెలది. ఒకటో పాదం, మూడో పాదం మూడేసి సూర్యగణాలు, రెండేసి ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. సూర్యగణం అంటే మూడు లఘువులు (పొట్టి అక్షరాలు), లేదా ఒక గురువు (పొడుగు అక్షరం), ఆ తర్వాత ఒక లఘువు. ఇంద్రగణం అంతకన్నా కాస్త పెద్దది. మీ మొదటి పాదంలో “అనగ” సరిపోయింది, తర్వాత “నగా” అని లఘువు, గురువు వచ్చాయి. అది సూర్యగణం కాదు. “అనగన్ అనగన్” కలిసి “అనగననగ” అవుతుంది. అప్పుడు అనగ, ననగ, రాగ అని మూడు గణాలూ కుదురుతాయి. చివర “చుండు” కాదు, “చునుండు”. ఆ ఒక్క “ను” పోతే అయిదో గణం “ల్లుచుండు” అని మిగిలి, నడక కుంటుతుంది. రెండో పాదంలో “తియ్యగనుండు” అని చాలా చోట్ల కనబడుతుంది గానీ ఒక అక్షరం ఎక్కువ. “తియ్యనుండు” చాలు: తినగ, తినగ, వేము, తియ్య, నుండు. గట్టిగా చదివి చూడండి, తాళం వేసినట్టు పడుతుంది.

యతి కూడా చూడండి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒకచోట జత అక్షరం రావడం. మొదటి పాదంలో “అ”కు “రాగము + అతిశయిల్లు”లోని “అ” యతి. అచ్చులో “మతి” అని కనిపిస్తుంది కాబట్టి తప్పేమో అనుకుని కొందరు దాన్ని విడగొట్టి “రాగం అతిశయిల్లు” అని వేస్తారు. అట్లా చేయొద్దు.

ప్రేమ సంగతి. రాగం అనే మాటకు ఆ అర్థం ఉంది, అనురాగంలో ఉన్నది అదే. కానీ ఈ పాదంలో “అనగ” ఉంది. అనడం నోటితో చేసే పని, ఇక్కడ ఆలపించడం. పలికేకొద్దీ అతిశయించేది గొంతులోని రాగమే. కథ మొదలుపెట్టే “అనగనగా ఒక రాజు” కూడా ఈ అనడం నుంచి వచ్చిందే, వాళ్లూ వీళ్లూ అనగా అనగా మనదాకా వచ్చిందని. మీ డ్రాఫ్టులోకి “అనగనగా” దూరింది ఆ కథ అలవాటు వల్లేనని నా నమ్మకం.

ఇక అసలు ప్రశ్న. ఇది పాడేవాడికి మాత్రమే చెప్పిన పద్యమని నేను ఒప్పుకోను. మొదటి రెండు పాదాలు పక్కపక్కన పెట్టి చదవండి. అనేవాడు రాగాన్ని తయారుచేస్తున్నాడు. అనేకొద్దీ ఆ రాగమే పెరుగుతోంది. తినేవాడు దేన్నీ తయారుచేయడం లేదు. వేపాకు మొదటి రోజు ఎంత చేదో ఆఖరి రోజూ అంతే చేదు. మారింది తినేవాడి నాలుక. అంటే మొదటి పాదం వేదిక మీద ఉన్నవాడిది, రెండోది ఎదురుగా కూర్చున్నవాడిది. సాధన ఇద్దరికీ ఉందని మూడో పాదం కలిపి చెబుతోంది. నాలుగో పాదంలో “వినుర” ఉండనే ఉంది. అది మకుటం, ప్రతి పద్యానికీ వస్తుంది కాబట్టి దాని మీద నేను బరువు పెట్టను.

అందుకే మీ వారానికి ఇంతకన్నా తగిన పద్యం లేదంటాను. మన ఊళ్లలో కచేరీ అంటే “మనకు అర్థం కాదులే” అని మొదటి రోజే లేచిపోతారు. గాయకుడు మోహనం ఎత్తుకున్నాడనుకోండి. ఉన్నవి అయిదు స్వరాలే: స, రి, గ, ప, ద. మొదట చిన్న ముక్క పాడతాడు. దాన్నే మళ్లీ అని, ఇంకో స్వరం దాకా సాగదీస్తాడు. వెనక్కి వచ్చి అదే ముక్కను ఇంకో తోవలో తీసుకుపోతాడు. అలవాటు లేని చెవికి ఇది “ఆ... ఆ...” అని ఒకటే సాగతీతలాగా ఉంటుంది. రెండు మూడు సాయంత్రాలు వరుసగా కూర్చుంటే, ఈ ముక్క ఇందాక వచ్చిందే అని చెవి పట్టుకుంటుంది. అక్కడి నుంచి గాయకుడు ఎటు పోతాడోనని మనసు ముందే ఎదురుచూస్తుంది. వేము తియ్యన కావడం అంటే నాకు తెలిసి ఇదే.

ఇదేమీ మనకు కొత్త కాదు. సురభి నాటకం పుట్టింది కడప జిల్లా సురభి గ్రామంలో, 1885లో. పద్య నాటకాల్లో నటుడు పద్యం చివర రాగం తీస్తే జనం “వన్స్ మోర్” అని మళ్లీ పాడించుకునేవాళ్లు. వాళ్లలో సంగీతం నేర్చుకున్నవాళ్లు ఎందరుంటారు? వినీ వినీ చెవి తయారైనవాళ్లు వాళ్లు.

స్పందన (అనంతపురం నుంచి ఒక మాస్టారు):

అన్నా, మీ వ్యాఖ్యానం బాగుంది గానీ కొంచెం లాగినట్టుంది. బడిలో పిల్లలకు మేం చెప్పేది సాధన చేస్తే పనులు సాధ్యమవుతాయి అనే. వేము కూడా అదే దానికి ఒక పోలిక, అంతే. శ్రోత ఎక్కడి నుంచి వచ్చాడు? ఇంకోమాట, మా పక్క పిల్లలకు “వేము” అంటే తెలియడం లేదు. యాప అంటేనే తెలుస్తుంది.

జవాబు:

మాస్టారూ, బడిలో చెప్పే అర్థం సరైనదే, దాన్ని నేను కాదనడం లేదు. నేను అడిగేది ఒకటే: రెండో పాదంలో కర్త ఎవరు? పద్యంలో చెప్పలేదు. తెలుగులో చెప్పనక్కరలేదు కూడా, “తినగ తినగ” అంటే ఎవరు తిన్నా అనే. ఆ తినేవాడు చేస్తున్న సాధన రుచి చూడటం. రుచి చూడటం కూడా నేర్చుకోవాల్సిన పనే అన్నంతవరకు పద్యం నాకు చోటిస్తోంది. అంతకు మించి లాగను.

మీ జిల్లా మనిషే నాకు సాక్ష్యం. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టారు. 1920ల చివర్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పక్షాన వేమన మీద వరుసగా ఉపన్యాసాలిచ్చారు, అవే పుస్తకంగా వచ్చాయి. తర్వాత అన్నమయ్య కీర్తనలకు స్వరాలు కూర్చిందీ ఆయనే. ఒకే మనిషి వేమన మీద ఉపన్యాసం చెప్పగలడు, తాళ్లపాక పాటకు రాగం కట్టగలడు. అట్లాంటి నేలలో ఉపన్యాసం ఒక గుంపుది, కచేరీ ఇంకో గుంపుది అని విడిగా పెట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది. పొద్దున ఉపన్యాసానికి వచ్చినవాళ్లను సాయంత్రం కచేరీ దాకా నిలబెట్టగలిగితే ఆ వారం పెట్టిన ఫలితం దక్కినట్టే.

వేము అంటే పిల్లలకు తెలియడం లేదన్నది నిజం. అర్థం చెప్పేటప్పుడు “యాప” అనే చెప్పండి, తప్పేం లేదు. పద్యంలో మాత్రం వేము ఉండాల్సిందే.

ప్రశ్న (పీజీ విద్యార్థిని):

సార్, మాస్టారూ, చాలా థాంక్స్. పద్యం సరిచేశాం. చోటు చాలదు, మొదటి రెండు పాదాలే వేద్దామా? సినిమాల్లో నాగయ్య ‘యోగి వేమన’ కూడా ఉంది.

జవాబు:

నాలుగు పాదాలూ వేయండమ్మా. చోటు కావాలంటే అతిథుల పేర్ల ముందున్న బిరుదులు తగ్గించండి. పద్యాన్ని పాదానికి ఒక వరుసగా వేయాలి. వరుసలు కలిపేస్తే చదివేవాళ్లకు ఎక్కడ ఆగాలో తెలియదు.

‘యోగి వేమన’ పెట్టడం చాలా మంచి పని. 1947లో వచ్చింది, తీసిన కె.వి.రెడ్డిగారు తాడిపత్రివారు. ఆ సంగతి కార్డు మీద ఒక ముక్క వేస్తే తాడిపత్రి నుంచి కూడా జనం వస్తారు. సినిమాకు ముందు ఎవరైనా విద్యార్థి పది నిమిషాలు వేమన పద్యాలు రాగంతో చదివితే బాగుంటుంది.

ఉపన్యాసాల్లో ఒకటి బ్రౌన్ మీద పెట్టారా? 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చి, తర్వాత ఇక్కడే బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టి తాళపత్రాలను సరిపోల్చి శుద్ధప్రతులు రాయించిన మనిషి. 1829లో వేమన పద్యాలను అచ్చువేశాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు సి.పి.బ్రౌన్ గ్రంథాలయం ఉంది. వీలైతే ఆ ఉపన్యాసం హాల్లో కాకుండా అక్కడ పెట్టించండి. ఇంతసేపు మనం ఒక “ను” ఉందా లేదా అని చూశామే, అక్కడ పండితులు కూర్చుని ప్రతి పద్యానికీ చేసిన పని అదే.

ప్రూఫ్ రాగానే ఇక్కడ పెట్టండి. రాత్రి పది దాకా మేలుకునే ఉంటాను, చూసి చెబుతాను.