సమస్య: "రన్నుఁ గొట్టక సెట్టును రన్ను గెలిచె"

సంచాలకుడు:
ఈ వారం సమస్య పైనే ఉంది. చూడగానే క్రికెట్టు, టెన్నిసు అనిపిస్తుంది, కానీ అక్కడే ఆగిపోకండి. ఇంగ్లీషు వాళ్ళు రన్, సెట్ అనే ఈ రెండు మాటల చేత చేయించని చాకిరీ లేదు. మన ఇళ్ళలోనే చూడండి, సోఫా సెట్టు, పళ్ళ సెట్టు, సినిమా సెట్టు, పెళ్ళి సెట్ అవడం, అటు రన్నింగ్ బస్సు, ట్రయల్ రన్, వంద రోజుల రన్. ఏ అర్థం పట్టుకుంటారో మీ ఇష్టం. ముందు మూడు పాదాలు మీరు కట్టి పద్యం పూరించాలి, ఇది నాలుగో పాదంగానే రావాలి.

గోదారిగట్టు:
కోట్లు పోసిన సెట్టులు కూలిపోయె
చిన్న చిత్రమ్ము నూర్నాళ్ళు చెదరకాడె
బ్యాటు బంతుల ముచ్చట పట్టకుండ
రన్నుఁ గొట్టక సెట్టును రన్ను గెలిచె

కృష్ణాతీరం:
గట్టు గారూ, బాగుంది. నాది నిఘంటువు దారి.

ఆక్సుఫర్డు కోశమునందు నర్థములను
లెక్క పెట్టిన పండితుల్ లేచి చూడ
నారు నూర్లపై నలువది యైదు దాఁక
రన్నుఁ గొట్టక సెట్టును రన్ను గెలిచె

1989 నాటి రెండో ముద్రణలో, అంటే ఆ 20 సంపుటాల్లో, పెద్ద ఆరోపం, అంటే ఒక మాట కింద ఇచ్చే వివరణ, సెట్‌దే. 2011లో రన్‌ను మళ్ళీ రాసేసరికి ఒక్క క్రియకే 645 అర్థాలు తేలాయి.

పాలమూరు పంతులు:
కృష్ణాతీరం గారూ, మూడో పాదం చదివి లేచి నిలబడ్డాను. ఆ-ఐ యతిని, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదిరే జతని, సంఖ్యలో అలా కూర్చోబెట్టడం అందరికీ రాదు. కానీ రెండో పాదంలో పండితులు ఎందుకు లేచారండీ? లెక్కపెట్టేవాళ్ళు కూర్చునే కదా లెక్కపెడతారు. 'లెక్క'కి యతి కావాలి కాబట్టి మీరే లేపారు.
గట్టు గారి పూరణలో మూడో పాదం అనవసరం. బ్యాటు, బంతి లేవని చెప్పేస్తే ఇక సమస్యలో చిక్కేముంది? ముడి విప్పడం నాలుగో పాదం పని, దాన్ని మూడో పాదమే చేసేసింది.

కృష్ణాతీరం:
పంతులు గారూ, ఆ ఒక్క రన్ మీద పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు తొమ్మిది నెలలు కూర్చున్నాడు. అన్నాళ్ళు కూర్చున్నవాడు పని అయ్యాక లేవడా? అది వ్యర్థపదం కాదు, జరిగిన సంగతే.

గోదారిగట్టు:
పంతులు గారికి నా మూడో పాదాలు ఎప్పుడూ నచ్చవు. "కప్పు లేనట్టి యింటిలోఁ గాఫి త్రాగె" ఇచ్చినప్పుడు నేను కప్పంటే ఇంటిపైకప్పని తిప్పి, తుఫానుకి రేకులు లేచిపోయిన ఇంట్లో పొద్దున్నే కాఫీ పెట్టుకునే ముసలమ్మని తెచ్చాను. అప్పుడూ మూడో పాదమే తప్పన్నారు. రేకులు లేచిపోయాయని అక్కడ చెప్పకపోతే ఎవరికి అర్థమవుతుంది? పూరణ చదివేవాడికి అందాలి కదా.

పాలమూరు పంతులు:
ఆ ముసలమ్మ పద్యం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. మంచి పద్యం కాబట్టే అంత పట్టించుకున్నాను.

చికాగో చిన్నోడు:
పెద్దలకు నమస్కారం. మన పిల్లలకి సెట్టంటే ఎంట్రన్సు పరీక్షే కదా, అందుకని:

ర్యాంకు కోసము సెట్టును వ్రాయకుండఁ
బరుగు పందెంలో గెలిచిన పల్లె పిల్ల
క్రీడ కోటాన సీటును గెలుచుకొనియె
రన్నుఁ గొట్టక సెట్టును రన్ను గెలిచె

పాలమూరు పంతులు:
చిన్నోడా, ఊహ అన్నిటికన్నా తాజాగా ఉంది. ఎంసెట్టును ఇందులోకి తేవాలని ఇక్కడి పెద్దలెవరికీ తట్టలేదు. కానీ 'పందెంలో' దగ్గర మూడు అక్షరాలూ గురువులైన మగణం పడింది నాయనా, ఇక్కడ అది చెల్లదు. 'పోటీల' అని మార్చు, బండి కదులుతుంది.

గోదారిగట్టు:
'పోటీల' అంటే గణం సరిపోతుంది కానీ పందెంలో ఉన్న పల్లె వాసన పోతుంది. పల్లెటూళ్ళో పిల్లలు పరుగు పందెం అంటారు, పరుగు పోటీ అనరు. పాదమంతా మళ్ళీ కట్టుకో బాబూ, తొందరేం లేదు.

పాలమూరు పంతులు:
వాసన కోసం గణం వదిలేస్తే అది వచనం అవుతుంది. సరే, ఇక నాది.

ఎమ్ముతో మొదలిడి దిద్దిరెల్ల పుటల
నారు వచ్చెను ముందుగా, నాగె నెస్సు
పాత కొలతల సెట్టింకఁ బడియు నుండ
రన్నుఁ గొట్టక సెట్టును రన్ను గెలిచె

ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు మూడో ముద్రణ దిద్దుబాటు ఏ నుంచి మొదలుపెట్టలేదు, ఎమ్ నుంచి మొదలుపెట్టి 2000లో బయటికి వదలసాగారు. ఆ వరసలో ఆర్ ముందొస్తుంది, ఎస్ తర్వాత. రన్‌కి 2011లో కొత్త కొలత దొరికింది, అప్పటికి సెట్‌కి ఉన్నది 1989 కొలతే. అవతలి జట్టు మైదానంలోకే రాలేదు, ఇవతలి వాడు ఒక్క పరుగూ తీయకుండా గెలిచాడు. సమస్యలో 'రన్నుఁ గొట్టక' అన్న మాటకి అక్షరాలా పని దొరికిందని నా నమ్మకం.

కృష్ణాతీరం:
అబ్బ! నా పద్యంలో 'నారు' ఆరు అనే అంకె, మీ పద్యంలో అదే 'నారు' ఆర్ అనే ఇంగ్లీషు అక్షరం. రెండూ పాదం మొదట్లోనే. ఇది చూసి చేశారా, అదే పడిందా? ఏదైనా సరే, వాకోవర్ విరుపు ఈ వారానికి తలమానికం.

గోదారిగట్టు:
విరుపు గొప్పదే, మనసారా ఒప్పుకుంటున్నాను. కానీ ఒక మాట. 2000లో ఎమ్‌తో మొదలుపెట్టగానే సెట్‌ని దాటింది మేక్. 2007లో దాన్ని పుట్ దాటింది. 2011లో రన్ పడగొట్టింది పుట్‌ని. పంతులు గారి మొదటి పాదంలో ఎమ్ము ఉంది కానీ ఆ ఎమ్ముతో వచ్చిన మేక్ ఏమైంది? ఇంకొకటి, సెట్‌కి 430 అని అందరూ చెప్పుకునేది ఉత్త క్రియకే, సెట్ అప్, సెట్ ఆఫ్ లాంటివి కలిపితే 580 దాకా పోతుంది. 645 పక్కన 430 పెడితే ఒకలా ఉంటుంది, 580 పెడితే ఇంకోలా ఉంటుంది. పోల్చేటప్పుడు ఏ కొలతతో పోలుస్తున్నామో చెప్పాలి.

పాలమూరు పంతులు:
మేక్ మధ్యలో ఎన్ని ఆటలు గెలిస్తే నాకేం, సమస్యలో లేనివాడిని నేనెందుకు పిలవాలి? 580 సంగతి మాత్రం పట్టుకోవలసిందే.

చికాగో చిన్నోడు:
ఇక్కడ మా ఆఫీసులో రోజూ వింటాను. ముక్కు కారితే రన్, ఎన్నికల్లో నిలబడితే రన్, మేజోడు నూలు జారి గీత పడితే రన్, బ్యాంకు ముందు జనం డబ్బు కోసం ఎగబడితే రన్. సెట్ ఏమో ఎక్కువగా కదలకుండా కుదురుకునే పనులు చేస్తుంది. సిమెంటు గట్టిపడినా, విరిగిన ఎముక కట్టినా, సూర్యుడు అస్తమించినా సెట్టే. ఒకటి పరుగు, ఒకటి నిలకడ. అర్థాలు ఎన్నున్నా వేరు అక్కడే ఉందనిపిస్తుంది.

కృష్ణాతీరం:
చిన్నోడూ, ఇదే పద్యం చెయ్యి! మన 'పట్టు' కూడా ఇలాగే. చీర పట్టు, కుస్తీ పట్టు, జలుబు పట్టడం, టైము పట్టడం, ఊరి దారి పట్టడం. బ్రౌను దొరగారు లెక్కపెడుతూ ఎంతసేపు కూర్చున్నారో.

గోదారిగట్టు:
పట్టు గురించి వేరే సమస్య ఇవ్వమని సంచాలకుల వారిని అడుగుతున్నాను. పంతులు గారు అందులో మూడో పాదం ఎలా కడతారో చూడాలని ఉంది.

సంచాలకుడు:
ఇస్తాను. ఈ వారం మొదటి పీట పంతులు గారిది, మూడో పాదం సంగతి ఎలా ఉన్నా సినిమా పద్యంలో 'చెదరకాడె' అన్న మాటకి రెండో పీట గట్టు గారిది. చిన్నోడు రెండో పాదం మళ్ళీ కట్టి పంపేదాకా మూడో పీట ఖాళీగానే ఉంచుతున్నాను.